సరాయిలో స్నానాల గది ఎక్కడ?

ముందు గోడ మీద అరచెయ్యి పెట్టండి.

మే నెల మధ్యాహ్నం. బయట పాత ముంబై హైవే మీద ఆగిన క్యాబుల డోర్లు ముట్టుకుంటే చురుక్కుమంటున్నాయి. లోపలికి వచ్చి కాసేపు కూడా కాలేదు, వీపుకి అంటుకున్న చొక్కా అప్పుడే వదిలేసింది. ఫ్యాను లేదు, కిటికీ కూడా లేదు. ముందొక కమాను, దాని వెనక ఈ గది, పైన గుండ్రంగా మూసుకున్న కప్పు, గోడలో దీపం పెట్టుకునే గూడు. అంతే. గోడ ఎంత మందమో తెలియాలంటే గుమ్మంలో నిలబడి చెయ్యి బార్లా చాపండి, అప్పుడు కూడా అవతలి అంచు అందదు. చెయ్యి వెనక్కి తీసుకుంటే అరచేతినిండా తెల్లటి పొడి. వాసన చూడండి: పాత సున్నం, గబ్బిలాల రెట్ట, ఎప్పుడో ఎవరో వండుకున్న పొగ.

ఇది షేక్‌పేట సరాయి. కుతుబ్‌షాహీల కాలపు విడిది. గోల్కొండ కోట బంజారా దర్వాజా దాటి, సుల్తానుల సమాధుల పక్కగా వస్తే బాటసారికి దొరికే మజిలీ. రెండంతస్తులు, ముప్పై దాకా గదులు, గుర్రాలకూ ఒంటెలకూ సాలలు, ఆనుకుని ఒక మసీదు, ఎవరిదో తెలియని ఒక సమాధి. రాష్ట్ర ప్రభుత్వ రక్షిత కట్టడం. రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే, ట్రాఫిక్ కరుణిస్తే, హైటెక్ సిటీ అద్దాల మేడల నుంచి ఇక్కడికి రావడానికి ఒక చాయ్ తాగేంత సమయం చాలు. ట్రాఫిక్ కరుణించదు, అది వేరే సంగతి.

పైకెక్కి చూస్తే ఈ చోటు ఎక్కడుందో అర్థమవుతుంది. ఒకవైపు గోల్కొండ గుట్ట. ఇంకోవైపు రాయదుర్గం ఆఫీసు టవర్లు, వాటి నెత్తిన క్రేన్లు. దగ్గరలోనే 2022 జనవరి 1న తెరిచిన షేక్‌పేట ఫ్లైఓవర్, దాదాపు 2.8 కిలోమీటర్ల పొడవు, టోలిచౌకి దగ్గర ఎక్కిన బండిని మల్కం చెరువు దాకా ఎక్కడా ఆగనివ్వకుండా దించుతుంది. బాటసారిని ఆపడానికి కట్టిన కట్టడం ఒకటి, బాటసారి ఆగకుండా కట్టినది ఇంకొకటి, రెండూ ఇరుగుపొరుగు.

ఈ సరాయిని మళ్ళీ విడిదిగా మార్చితే? ఐటీ కారిడార్‌కి పని మీద వచ్చినవాళ్ళు, శని ఆదివారాలు గోల్కొండ చూడ్డానికి వచ్చినవాళ్ళు, ఇదే గదిలో, ఇదే కమాను కింద పడుకుని లేస్తే? ఈ ఊహ హైదరాబాద్‌లో పాత కట్టడాలంటే ఇష్టమున్న ప్రతివాళ్ళకీ ఎప్పుడో ఒకసారి వచ్చేదే. కాఫీ కప్పు ముందు కూర్చుని అనుకుంటే చాలా తేలిక. గదిలో నిలబడి అనుకోండి, మొదటి ప్రశ్న వెంటనే ఎదురొస్తుంది: స్నానం ఎక్కడ చేస్తారు?

మీ పక్కన ఒక మేస్త్రి ఉన్నాడు. పాలమూరు వైపు మనిషి, జీవితమంతా సున్నం పనే. పేరు వద్దన్నాడు కాబట్టి మేస్త్రి అనే అందాం. ఆయన గదిని చూడలేదు. గుమ్మం పక్కన, నడుం ఎత్తులో, ఎప్పుడో ఎవరో చేసిన ఒక సిమెంటు అతుకుని చూస్తున్నాడు. వేలి కణుపుతో తట్టాడు. డొల్ల శబ్దం. గోరు పెట్టి ఎత్తితే అరచెయ్యంత పెచ్చు చేతిలోకి ఊడొచ్చింది. దాని వెనక గోడ తడిగా, తెల్లటి ఉప్పు పొంగి, పొడిపొడిగా రాలుతోంది.

"సౌడు పట్టింది సార్. నీళ్ళు కింది నుంచి గోడల ఎక్కుతయి. సున్నం గోడ అయితే గా తడి గాలికి పోతది. మీద సిమెంటు కొడ్తే ఏడికి పోతది? లోపల్నే ఉండి లోపల్నే తింటది."

ఈ రెండు మాటల్లో ఉన్నదే గత వందేళ్ళ మరమ్మతుల కథ. సిమెంటు గట్టిది, నీటిని వదలదు. సున్నం మెత్తనిది, తడిని పీల్చి వదిలేస్తుంది. గట్టిది మంచిదనుకుని పాత గోడల మీద సిమెంటు పూత పూశారు. నేలలోంచి ఎక్కిన తడి ఆ పూత వెనక చిక్కుకుని, ఆరినప్పుడల్లా ఉప్పుగా గడ్డకట్టి, రాళ్ళ మధ్య సున్నాన్ని పిండి చేసింది. పక్కనే కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ 2013లో మొదలుపెట్టి పదేళ్ళకు పైగా చేసిన పనిలో పెద్ద భాగం ఇదే: గుమ్మటాల మీది సిమెంటు పొరలు ఊడబెరకడం, వాటి స్థానంలో మళ్ళీ సున్నం వెయ్యడం. అక్కడి దిగుడు బావులను బాగుచేసిన తీరుకి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది. సున్నం పని తెలిసిన మేస్త్రులు హైదరాబాద్‌లో ఇంకా మిగిలారంటే ఇలాంటి పనుల వల్లే.

సున్నం ఎలా ఉంటుందో చూడాలంటే మేస్త్రి షెడ్డుకి పోవాలి. మణికొండ వైపు, ఒక అపార్ట్‌మెంటు వెనక, కొబ్బరి మట్టలు కప్పిన చోటు. ముందు మీ చెప్పులు విప్పనివ్వడు. ఇక్కడ ఒట్టి కాళ్ళతో తిరిగితే మడమలు పగులుతాయి.

నేలలో ఇటుకలతో కట్టిన తొట్టి. సగం దాకా నీళ్ళు. మేస్త్రి కొడుకు బస్తాలోంచి రాతి సున్నం గడ్డలు గంపలోకి తీసి, గంపను తొట్టి అంచు మీద ఒంచాడు. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత చిటపట. తర్వాత తొట్టి మొత్తం కుతకుత ఉడకడం మొదలైంది, ఆవిరి ముఖానికి కొట్టింది.

"కండ్లు దూరం పెట్టుండ్రి సార్. సుక్క పడితే సూపు పోతది."

మంట లేదు, పొయ్యి లేదు, నీళ్ళు మరుగుతున్నాయి. బట్టీలో కాలినప్పుడు సున్నపురాయి తనలోని కార్బన్ డయాక్సైడ్‌ని వదిలేసింది. ఇప్పుడు నీళ్ళు తాగుతోంది. గోడ ఎక్కిన తర్వాత గాలిలోంచి ఆ వాయువునే మళ్ళీ మెల్లగా పీల్చుకుని తిరిగి రాయవుతుంది. తొందర పెడితే కాదు. ఉడుకు చల్లారాక జల్లెడ పట్టి, పైన నీళ్ళు నిలబెట్టి, వారాల తరబడి వదిలెయ్యాలి. నెలలు ఆగితే ఇంకా మేలు. పక్క తొట్టిలో అలా ఆగినది ఉంది. మేస్త్రి తాపీతో ఒక ముద్ద తీసి చూపించాడు. గడ్డపెరుగు. తాపీని తలకిందులు చేసినా జారలేదు.

ఆ మూల గానుగ. గుండ్రంగా తొలిచిన రాతి కాలువ, అందులో తిరిగే రాతి చక్రం. ఒకప్పుడు ఎద్దు తిప్పేది, ఇప్పుడు మోటారు. ముద్ద సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపి ఇందులో నూరితే డంగు సున్నం. నూరుడు ఎంతసేపు అంటే మేస్త్రి గడియారం చూడడు, వేళ్ళ మధ్య రుద్ది చూస్తాడు. ఇసుక పలుకు విడిగా తగిలితే ఇంకా తిరగాలి. మధ్యమధ్యన డ్రమ్ములోంచి చెంబుతో ఒక గోధుమ రంగు నీళ్ళు పోస్తున్నాడు. మూత తియ్యగానే కల్లు వాసన. నానబెట్టిన కరక్కాయ, బెల్లం, కొన్ని రోజులు పులిసింది. ఈ నీళ్ళు సున్నానికి జిగి ఇస్తాయి, తొందరపడి ఎండి పగలకుండా ఆపుతాయి. పని రకాన్ని బట్టి మినుముల నీళ్ళు, మారేడు గుజ్జు. చివరి నున్నటి పూతకి కోడిగుడ్డు తెల్లసొన.

"గిదంతా బెల్లం, గుడ్లు అంటే ఇంజినీర్లు నవ్వుతరు. నవ్వనియ్యి. గోల్కొండ ఇంక నిలవడే ఉంది గద."

నవ్వే ఇంజినీర్లు ఇప్పుడు తగ్గారు, ల్యాబుల్లో పరీక్షించి ఒప్పుకున్నవాళ్ళు పెరిగారు. కానీ ఆయన మాటలోని ఉడుకు అలాగే ఉండనివ్వాలి, దాన్ని సంపాదించుకున్నాడు.

గోడ మీద ఒక చదరం పూసి చూపించాడు. ముందు గోడని నీళ్ళతో తడిపి, ఆగి, మళ్ళీ తడిపి, అది తాగడం మానేశాక మోర్టారు ముద్దని మణికట్టు విసురుతో కొట్టాడు. చప్‌మని అంటుకుంది. చెక్కతో ఒత్తాడు. అక్కడితో అయిపోలేదు. తడిపిన గోనెపట్టా కప్పి, రోజూ నీళ్ళు చల్లుతూ, మెల్లగా గట్టిపడనివ్వాలి. హోటల్ కట్టేవాళ్ళ క్యాలెండర్‌కి సరిపడని పని ఇది. బ్యాంకు వడ్డీ ఆదివారం కూడా నడుస్తుంది, సున్నం సోమవారం కూడా నడవదు.

మళ్ళీ సరాయికి పదండి. ఈసారి సాయంత్రం, ఎండ తగ్గాక. ఫ్లైఓవర్ మీద హారన్ల చప్పుడు పెరిగింది. దాన్ని కాసేపు తీసెయ్యండి. దుర్గం చెరువు తీగల వంతెన తీసెయ్యండి, 1998లో వాజపేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ తీసెయ్యండి. గుట్టలు మాత్రం ఉంచండి. 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు అది, అప్పుడూ ఉంది. చిరుగంటల చప్పుడు దగ్గరవుతోంది. లంబాడాల ఎద్దుల మందలు, ధాన్యం, ఉప్పు. బందరు రేవు నుంచి అద్దకం బట్టలు. గుర్రాల వర్తకులు, వాళ్ళ భాష పారసీకం. కొల్లూరు గనుల వజ్రాల కోసం వచ్చినవాడు ఎవరైనా ఉంటే ఆ సంగతి గట్టిగా చెప్పడు. తావెర్నియే లాంటి ఫ్రెంచి వ్యాపారులు 17వ శతాబ్దంలో ఈ రాజ్యంలో తిరిగింది ఆ రాళ్ళ కోసమే. చీకటి పడితే కోట తలుపులు మూస్తారు. అప్పటికి చేరలేనివాడికి ఈ వాకిలే దిక్కు.

వచ్చినవాడికి గది ఇస్తారు. గది అంటే ఇదే: నాలుగు గోడలు, ఒక గూడు. మంచం లేదు. చాప, బొంత, వంట గిన్నెలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. సరుకు గోడ వైపు పేర్చి, దానికి అడ్డంగా యజమాని పడుకుంటాడు. పశువులు సాలలో. రాత్రి సరాయి వాకిలి మూతపడుతుంది, తెల్లారి ఎవరి సామాను వాళ్ళు లెక్క చూసుకున్నాకే తెరుస్తారు. వంట ఆరుబయట, స్నానం బావి దగ్గరో చెరువు గట్టునో.

ఇక్కడ ఆగండి, ఎందుకంటే మన ప్రశ్నకి ఇది చాలా ముఖ్యం. సరాయి కట్టినవాడు నీటిని గదిలోకి రానివ్వలేదు. గది నిద్రకీ సరుకుకీ. నీళ్ళ పని అంతా బయట. ఈ గోడలు ఇన్ని వందల ఏళ్ళు నిలవడానికి సున్నం గొప్పదనం ఎంత కారణమో, లోపల ఎవరూ నీళ్ళు ఒలికించకపోవడం కూడా అంతే కారణం.

ఇప్పుడు ఇవాళ్టి అతిథిని తీసుకురండి. గచ్చిబౌలిలో రోజంతా మీటింగులు, రాత్రి పదింటికి వచ్చి వేడినీళ్ళ షవర్ కింద చాలాసేపు నిలబడతాడు. కిటికీ లేని గుండ్రటి కప్పు గది. ఆవిరి ఎక్కడికి పోతుంది? కప్పుకి పోతుంది. సున్నం దాన్ని తాగుతుంది, ఆరేలోపు మర్నాడు ఇంకో షవర్. ఒక వానాకాలం గడిస్తే మూలల్లో నల్లటి బూజు. టైల్స్ అంటిస్తే? తడి టైల్స్ వెనక్కి చేరుతుంది, మేస్త్రి ఊడబెరికిన ఆ సిమెంటు పెచ్చు కథే మళ్ళీ. గోడలో కాలువ కొట్టి పైపు దాచితే ఇంకా ఘోరం. ఈ గోడలకి బయటా లోపలా చెక్కిన రాళ్ళు ఉండొచ్చు, మధ్యలో నింపింది గుండ్రాళ్ళూ సున్నమూ. ఆ పైపు ఒక అతుకు దగ్గర చుక్క చుక్కగా కారితే బయటికి కనబడేసరికి లోపలి సున్నం కొట్టుకుపోయి ఉంటుంది.

కాబట్టి దారులు మూడు. గది మూలలో చిన్న స్నానాల గది పెట్టడం ఒకటి. అప్పుడు మంచానికి చోటు చాలదు, పైగా ఇప్పుడు చెప్పుకున్న కష్టాలన్నీ. రెండోది, ప్రతి మూడో గదిని స్నానాల గదులుగా మార్చి అటూ ఇటూ గదులకి చెరొకటి ఇవ్వడం. ముప్పైలో పది పోయి ఇరవై మిగులుతాయి. మూడోది, పాతవాడు చేసినట్టే నీటిని బయట ఉంచడం: కొంచెం దూరంలో విడిగా స్నానాల గదులు కట్టి, అతిథిని తువ్వాలు భుజాన వేసుకుని నడిచి రమ్మనడం.

మేస్త్రి మూడోదే అన్నాడు, ఆలోచించకుండా. "ఊర్ల అందరం బయటికే పోతుంటిమి గద."

ఊళ్ళో వేరు. రాత్రి రెండింటికి, వానలో, చిన్నపిల్లతో ఉన్న తల్లి అలా నడవదు. నడవాల్సొస్తే మళ్ళీ రాదు. నా లెక్కలో రెండో దారి మేలు, కానీ ఒక షరతు మీద. ఆ స్నానాల గది పాత గోడని ముట్టుకోకూడదు. గది మధ్యలో, తన కాళ్ళ మీద తాను నిలబడే ఉక్కు చట్రం. నేలకి కొంచెం ఎత్తులో నీరు ఇంకని తొట్టి లాంటి అడుగు. పైపులు గోడలోంచి కాకుండా గుమ్మంలోంచి, కనబడేలాగే బయటికి. ఆవిరిని లాగి పారబోసే గొట్టం కూడా అటే. కారితే వెంటనే కనబడాలి. యాభై ఏళ్ళ తర్వాత ఎవరైనా వద్దనుకుంటే బోల్టులు విప్పి తీసేస్తే గోడ మీద గుర్తు మిగలకూడదు. 1964 నాటి వెనిస్ ఒప్పంద పత్రం పాత కట్టడాల గురించి చెప్పింది కూడా దాదాపు ఈ దారిలోనిదే: జనానికి పనికొచ్చేలా వాడుకోండి, మంచిదే, కానీ దాని అమరికనీ అలంకరణనీ మార్చకండి.

కరెంటు తీగలకీ ఇదే నియమం. రాయిలో మేకు కొట్టరు, రాళ్ళ మధ్య సున్నపు అతుకులోనే కొడతారు. ఏసీ గురించి పెద్ద గొడవే ఉంటుంది. ఇంత మందం గోడలు మధ్యాహ్నం వేడిని లోపలికి రావడానికే రాత్రి దాకా ఆపుతాయి, ఫ్యాను చాలంటాను నేను. హోటల్ నడిపేవాళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే కనీసం బయటి యూనిట్లు కమానుల మీద వేలాడదీయకుండా వెనక నేల మీద పెట్టించాలి. ఇక వైఫై. ఈ గోడల్లోంచి సిగ్నల్ దూరదు, గదికొకటి పెట్టాలి. వర్క్ ఫ్రమ్ హోం అతిథి ఒక్కసారి కాల్ తెగిపోతే కుతుబ్‌షాహీ వంశాన్ని మొత్తం తిట్టుకుంటాడు.

మురుగు కాలువ సంగతి ఎవరూ ఇష్టంగా మాట్లాడరు కానీ అసలు ఖర్చు అక్కడే. షేక్‌పేటలో కొంచెం తవ్వితే గ్రానైటు. ఊళ్ళో బిల్డర్లు పేల్చేస్తారు. ఇక్కడ పునాది పక్కన పేల్చడం అన్న మాటే రాకూడదు. చేత్తో, గడ్డపారతో, అంగుళం అంగుళం. ఒక తట్ట మట్టి తియ్యాలన్నా రాష్ట్ర వారసత్వ శాఖ అనుమతి కావాలి, కావాల్సిందే కూడా. 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం రక్షిత కట్టడాలకైనా ఆ కాపలా ఇచ్చింది. ఐటీ కారిడార్ మింగిన పల్లెల్లోని పాత ఇళ్ళకి అదీ లేదు. హైదరాబాద్‌లో వందకు పైగా పాత భవనాలనూ కొన్ని రాతి గుట్టలనూ జాబితాలో పెట్టి కాపాడిన, జోనింగ్ నియమాల్లోని పదమూడో నిబంధనని 2015 డిసెంబరులో తీసేశారు. కొండాపూర్‌లో, రాయదుర్గంలో మట్టి మిద్దెలూ లోగిలి ఇళ్ళూ ఎన్ని ఉండేవో ఇప్పుడు గేటెడ్ కమ్యూనిటీల పేర్లలో కూడా గుర్తు లేదు. సరాయి మిగిలింది కాబట్టి సరాయి గురించి మాట్లాడుకుంటున్నాం.

"మరి ఫలక్‌నుమా చేశారు కదా?" అని మీరు అడుగుతారు. అందరూ అడుగుతారు. చేశారు, అద్భుతంగా చేశారు. వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి, కట్టి, అప్పుల్లో పడి, చివరికి ఆరో నిజాముకి అప్పగించిన భవంతి. తర్వాత నిజాముల రాజ అతిథులకు విడిది. ఆ తర్వాత దశాబ్దాల పాటు తాళం. తాజ్ గ్రూపు చేతిలో, నిజాం ఇంటి యువరాణి ఎస్రా జా పర్యవేక్షణలో దాదాపు పదేళ్ళు పని చేస్తే 2010 నవంబరులో 60 గదుల హోటలయింది. కానీ అది మొదటి నుంచీ మనుషులు కాపురం ఉండటానికి, స్నానాల గదులతో, దర్జాతో కట్టిన రాజభవనం. సరాయి అలా కాదు. పేద కట్టడం. దాన్ని రాజభవనం చెయ్యాలని చూస్తే సరాయి పోతుంది, భవనం రాదు.

ఇబ్రహీంబాగ్‌లోని తారామతి బారాదరి దగ్గర పర్యాటక శాఖ వేరే ఉపాయం పన్నింది. పన్నెండు కమానుల మండపాన్ని గుట్ట మీద ఖాళీగా వదిలేసి, గదులూ రెస్టారెంటూ ఆడిటోరియమూ కింద కొత్తగా కట్టింది. కట్టిన వాటి అందం గురించి మాట్లాడను. మండపానికి పైపు తగలలేదు, అది చాలు.

సరాయికి నాకు నచ్చే నమూనా ఇంకా దూరంలో ఉంది. ఇంగ్లండులో 1965లో జాన్ స్మిత్, ఆయన భార్య క్రిస్టియన్ కలిసి పెట్టిన ల్యాండ్‌మార్క్ ట్రస్ట్. కోటలూ రాజభవనాల జోలికి అంతగా పోకుండా, ఎవరికీ పట్టని చిన్న చిన్న పాత కట్టడాలను, పల్లె కుటీరాలనూ కావలి గదులనూ బాగుచేసి సెలవులకి అద్దెకిస్తుంది. గదిలో టీవీ ఉండదు, పుస్తకాల అలమర ఉంటుంది. వచ్చిన అద్దె మళ్ళీ మరమ్మతులకే. ఇలాంటి చోట మిమ్మల్ని ఎవరూ రాజుగా చూడరు, ఆ కట్టడానికి కొన్నాళ్ళ కాపరిగా చూస్తారు. సైబరాబాద్‌లో రాజుగా చూసే హోటళ్ళకి కొదవలేదు.

ఇప్పుడు కప్పు మీదికి రండి, జాగ్రత్తగా, అంచుకి దూరంగా. పిట్టగోడ పగుల్లోంచి ఒక రావి మొక్క లేచింది. మోకాలెత్తు, లేత రాగి రంగు ఆకులు. చూడముచ్చటగా ఉంది. లాగబోతారేమో, మేస్త్రి మీ చెయ్యి పట్టుకున్నాడు.

"గుంజితే మొక్క ఒక్కటే రాదు సార్, గోడ గూడ వస్తది."

వేరు ఎక్కడిదాకా పోయిందో పైకి తెలియదు. మొక్కని మొదట్లో కోసి, వేరు చచ్చేలా మందు పెట్టి, అది ఎండాక పగులు తెరిచి, వేరు తీసి, డంగు సున్నం పల్చగా కలిపి లోపలికి పోసి నింపాలి. ఒక్క మొక్కకే వారాల పని. ఆయన అంచు వెంబడే నడుస్తూ ఇలాంటివి చూపిస్తున్నాడు, కొన్నిటికి ఆకులు కూడా రాలేదు, పగుల్లో ఒక ఆకుపచ్చ చుక్క మాత్రమే. మీరు చూసిన పగుళ్ళకంటే ఆయన చూసినవి చాలా ఎక్కువ.

నీళ్ళు కప్పు మీద ఎటు పోతున్నాయో చూడ్డానికి బాటిల్లో నీళ్ళు ఒంపాడు. తూము వైపు పోవాల్సిన ధార మధ్యలో ఆగి, పక్కకి మళ్ళి, ఒక పగుల్లో మాయమైంది. ఆ పగులు కిందనే మనం ఇందాక నిలబడ్డ గది.

"ముందుగాల కప్పు. తర్వాత తూములు. గదుల ముచ్చట ఆఖరుకు."

హోటల్ నమూనాలు గీసేవాళ్ళు ఇదే వరసని తలకిందులుగా చేస్తారు. ముందు గది బొమ్మ, దిండ్ల రంగు, ఇత్తడి దీపం. డబ్బులు అక్కడ అయిపోతాయి, కప్పుకి వాటర్‌ప్రూఫింగ్ అని చెప్పి ఏదో నల్లటి రసాయనం పూస్తారు. కప్పు పనిలో కనబడేది ఏమీ ఉండదు: పాత గచ్చు తీసి, ఇటుక ముక్కలూ సున్నమూ పరిచి, ఆడవాళ్ళు వరసలో కూర్చుని చెక్క దిమ్మెలతో రోజుల తరబడి దంచాలి. ఫొటోకి బాగుంటుంది కానీ బ్రోషర్‌లో ఎవరూ వెయ్యరు.

మీరు అడిగారు: అంతా అయ్యాక, తెరిచాక, దీన్ని కాపాడేదెలా?

"ఏడాదికొక్కపారి సున్నం. దసరకు ముందట. గంతే." ఆగి, "గాని వాళ్ళు ఎయ్యరు సార్. పదేండ్ల గ్యారంటీ ఉన్న పెయింటు ఎయ్యమంటరు. గదేస్తే గోడ ఊపిరి బందు."

ఇదీ హోటల్ నడిపేవాళ్ళతో చేసుకునే ఒప్పందంలో రాయాల్సిన మాట. గది అద్దె ఎంత, ప్రభుత్వానికి వాటా ఎంత అన్నవి ఎలాగూ రాస్తారు. ఏటా సున్నం వెయ్యాలి, ప్లాస్టిక్ రంగు వెయ్యకూడదు, కప్పు మీది మొక్కలు వానల ముందూ వానల తర్వాతా తియ్యాలి, ఈ పని తెలిసిన మేస్త్రినే పెట్టాలి, ఆ ఖర్చు అద్దెలోంచి ముందే పక్కన పెట్టాలి అని కూడా రాయాలి. పెళ్ళిళ్ళకి ఇవ్వకూడదని ఇంకొక వాక్యం రాస్తే నేను సంతోషిస్తాను. డీజే స్పీకర్ల అదురుకి పాత పూత ఎంత రాలుతుందో గోడ పక్కన నిలబడి చూసినవాళ్ళకి తెలుసు.

మేస్త్రి దిగుతూ మెట్ల మీదే లెక్క మొదలుపెట్టాడు. వానలు జూన్‌లో దిగుతాయి, ఈ ఏడు కప్పు అందదు, వానల్లో టార్పాలిన్లు కప్పి తూములు మాత్రం బాగుచేసుకోవచ్చు. కప్పు పని దసరా తర్వాత. దానికి కావాల్సిన సున్నం ఇప్పుడే నానాలి. కొత్తగా కాల్చిన గడ్డలు ఎక్కడ దొరుకుతాయో తనకి తెలుసట, సిమెంటు కొట్లో దొరికే పొడి సున్నం సంచులు మాత్రం వద్దట. తొట్టి ఎంత పెద్దది కావాలి, ఎండ తగలకుండా ఎక్కడ కట్టాలి? ఒంటెల సాల వైపు నీడ ఉంటుంది, కానీ అక్కడ తవ్వడానికి శాఖ ఒప్పుకోదు. నేల మీదే ఇటుకలు పేర్చి లోపల పట్టా వేస్తే? మేస్త్రి అడుగులతో కొలవడం మొదలుపెట్టాడు.